కొత్త ఎస్ఎస్‌డీ వేశాక కంప్యూటర్ బూట్ కావట్లేదా? పాత డిస్క్ జాగ్రత్త!

ఐదారేళ్ల పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే, కొత్తది కొనే బదులు ఎస్ఎస్‌డీ వేయించుకోవడం ఇప్పుడు ఇళ్లలో, దుకాణాల్లో మామూలైపోయింది. నిమిషాలు పట్టే విండోస్ సెకన్లలో తెరుచుకుంటుంది. అయితే డ్రైవ్ బిగించి స్విచ్ నొక్కగానే నల్ల స్క్రీన్ మీద ‘నో బూటబుల్ డివైస్’ అని రావడం కూడా అంతే మామూలు. అంతమాత్రాన డ్రైవ్ పాడైందనో, దుకాణదారు మోసం చేశాడనో అనుకోనక్కర్లేదు. కొత్త ఎస్ఎస్‌డీ ఖాళీగా వస్తుంది. అందులో విండోస్ లేకపోతే కంప్యూటర్ దేనితో మొదలవ్వాలి?

అన్నిటికంటే ముందు ఒక మాట. పాత హార్డ్ డిస్క్‌ను ఫార్మాట్ చేయొద్దు, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయొద్దు. నికాహ్ ఫొటోలు, పిల్లల స్కాలర్‌షిప్ కాగితాల స్కాన్లు, దుకాణం ట్యాలీ లెక్కలు, ఇన్‌పేజ్‌లో టైప్ చేసిన ఉర్దూ ఫైళ్లు అన్నీ దాంట్లోనే ఉంటాయి. కొత్త డ్రైవ్ కొన్ని వారాలు సరిగ్గా నడిచేదాకా దాన్ని భద్రంగా పక్కన పెట్టాలి.

కొత్తగా విండోస్ వేసేటప్పుడు కూడా పాత డిస్క్‌ను విప్పేయడమే మేలు. రెండూ తగిలించి ఉంటే పొరపాటున పాతదాన్ని చెరిపేసే ప్రమాదం ఉంది. ఇంకో చిక్కు కూడా ఉంది. విండోస్ కొత్త డ్రైవ్‌లోకి వెళ్లినా, దాన్ని లేపే బూట్ ఫైళ్లు పాత డిస్క్‌లోనే ఉండిపోవచ్చు. అప్పటికి అంతా బాగానే నడుస్తుంది. ఎప్పుడో పాత డిస్క్ తీసేసిన రోజున కంప్యూటర్ లేవదు, కారణం ఎవరికీ గుర్తుండదు.

బయోస్‌లో డ్రైవ్ కనిపిస్తోందా?

ఆన్ చేస్తూనే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. హెచ్‌పీలో ఎఫ్10. అక్కడ కొత్త డ్రైవ్ పేరే లేకపోతే కేబుల్ గానీ స్లాట్ గానీ చూడాలి. సన్నటి పట్టీలా ఉండే ఎం.2 డ్రైవ్‌లతోనే ఎక్కువ మంది పొరపాటు పడతారు. ఇవి చూడ్డానికి ఒకేలా ఉన్నా సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు. కొన్ని స్లాట్లు ఒక రకాన్నే తీసుకుంటాయి. కాబట్టి కొనేముందే ల్యాప్‌టాప్ మోడల్ నంబర్ చూసుకోవాలి. బాగా పాత బోర్డులు ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావు, వాటికి సాటా డ్రైవే సరి.

పేరు కనిపిస్తూ కూడా బూట్ కాకపోతే, బూట్ ఆర్డర్‌లో ‘విండోస్ బూట్ మేనేజర్’ను పైకి తేవాలి. చాలాసార్లు పని ఇక్కడితోనే అయిపోతుంది.

క్లోన్ చేశాక లేవకపోతే

పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసేవాళ్లు సి డ్రైవ్ ఒక్కటే ఎంచుకోవడం పెద్ద తప్పు. బూట్ ఫైళ్లు ఉండేది వేరే చిన్న భాగంలో. దాన్ని ఈఎఫ్ఐ పార్టిషన్ అంటారు, మామూలుగా కంటికి కనిపించదు. కాబట్టి మళ్లీ మొత్తం డిస్క్‌ను క్లోన్ చేయాలి. అన్ని భాగాలూ వచ్చినా లేవకపోతే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఎక్కించి, దాంతో బూట్ చేసి, ‘రిపేర్ యువర్ కంప్యూటర్’లోకి వెళ్లి స్టార్టప్ రిపేర్ నడపాలి.

పాత డిస్క్ ఎంబీఆర్ పద్ధతిలో ఉండి, బయోస్‌ను యూఈఎఫ్ఐకి మార్చినా బూట్ ఆగిపోతుంది. బయోస్‌ను తిరిగి లెగసీకి పెడితే లేస్తుంది. శాశ్వతంగా సరిచేయాలంటే జీపీటీకి మార్చాలి. 2017లో వచ్చిన విండోస్ 10 1703 వెర్షన్ నుంచి ఇందుకు ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ అందులోనే ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి యూఈఎఫ్ఐ తప్పనిసరి కాబట్టి ఈ పని ఇప్పుడే చేసుకోవడం లాభం.

నీలం స్క్రీన్ మీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని వస్తే, బయోస్‌లో స్టోరేజ్ మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రైడ్‌కో, అటునుంచి ఇటుకో మారిందేమో చూసి పాతదే పెట్టాలి. మారకపోతే ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరిస్తే కావలసిన డ్రైవర్‌ను విండోస్ తానే పట్టుకుంటుంది. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో కొన్నింట్లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవే కనిపించదు. వీఎండీ సెట్టింగ్ వల్ల ఇలా అవుతుంది. ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి లోడ్ చేస్తే కనిపిస్తుంది.

బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్‌తో మాత్రం తొందరపడొద్దు. బయోస్‌లో మార్పు చేయగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఆ ల్యాప్‌టాప్‌ను మొదట సెటప్ చేసింది కొడుకో, తమ్ముడో, దుకాణంలో పనిచేసి మానేసిన కుర్రాడో అయితే కీ వాళ్ల అకౌంట్‌లోనే ఉండొచ్చు. కీ లేకపోతే డేటా తెరిచే దారి లేదు, ఏ మెకానిక్ చేతిలోనూ ఉండదు. డ్రైవ్ మార్చకముందే ఆ కీ కాగితం మీద రాసి పెట్టుకుని, బిట్‌లాకర్‌ను ఆపి, ఆ తర్వాతే స్క్రూలు విప్పాలి.