దొరికిన ముద్ర, దాచిన ముద్ర: చోరీ కేసు ఛేదనలో వేలిముద్రల చరిత్ర – వీడియో గేమ్ కథనం

ఫోరెన్సిక్ పరిశోధన ఇతివృత్తంగా గల వీడియో గేమ్‌లలో వేలిముద్రకు ప్రత్యేక స్థానం ఉంది. 2003లో వెలువడిన ‘సీఎస్ఐ: క్రైమ్ సీన్ ఇన్వెస్టిగేషన్’లో ఆటగాడు ఘటనాస్థలంలో ముద్రను సేకరించి, ప్రయోగశాలలోని కంప్యూటరు సహాయంతో పోల్చి చూస్తాడు. 2005లో నింటెండో డీఎస్ యంత్రానికి వచ్చిన ‘ఫీనిక్స్ రైట్: ఏస్ అటార్నీ’లో అదనంగా చేర్చిన కేసులోనైతే ఆటగాడు తెరమీద పొడి చల్లి, మైక్రోఫోనులోకి నోటితో ఊది, మిగులు పొడిని తొలగించాలి. ముద్ర స్పష్టమైన తరువాత అది ఎవరిదో ఆ కేసుకు సంబంధించిన వ్యక్తుల పట్టికనుండి ఎంచుకోవాలి. ముద్రను తీయడంలో ఎంత నైపుణ్యం అవసరమైనా, దానితో సరిపోల్చవలసిన ముద్ర మాత్రం ఆటగాడికి ముందే సిద్ధంగా ఉంటుంది. ఆ రెండవ ముద్ర అక్కడికి ఎలా చేరిందన్న ప్రశ్న ఆటలో తలెత్తదు. చోరీ కేసుల వాస్తవ చరిత్రలో అసలు సమస్య అదే.

తెలుగులో ‘వేలిముద్ర’ అనగానే మొదట స్ఫురించేది నేరం కాదు, పత్రం. ప్రామిసరీ నోటు మీద, దస్తావేజు మీద సంతకం చేయలేనివారు వేసే నిశానీ అది. చదువురానివారిని ఎద్దేవా చేయడానికి ‘వేలిముద్రగాడు’ అనే మాట పుట్టింది కూడా ఇందువల్లనే. ఆధునిక వేలిముద్రల చరిత్ర సైతం ఇటువంటి పత్రంతోనే మొదలైంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు సామగ్రి సరఫరాకు ఒప్పుకున్న రాజ్యధర్ కోనాయ్ చేత ఒప్పందపత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. మాట తప్పకుండా కట్టడి చేయడమే అతని ఉద్దేశం. ఘటనాస్థలంలో మిగిలిన ముద్రల ద్వారా నేరస్థులను గుర్తించవచ్చునని హెన్రీ ఫాల్డ్స్ 1880లో ‘నేచర్’ పత్రికలో సూచించాడు. ఫ్రాన్సిస్ గాల్టన్ గ్రంథం 1892లో వెలువడింది.

సూచన వేరు, ఆచరణ వేరు. వేల ముద్రలు పోగుపడినప్పుడు వాటిలో కావలసినదానిని వెదకి పట్టుకోవడం ఎలా? ఈ చిక్కును విడదీసినది కలకత్తా. బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ వర్గీకరణ పద్ధతిని రూపొందించడంలో కీలకపాత్ర వహించారు. పద్ధతికి మాత్రం హెన్రీ పేరే స్థిరపడింది. పది వేళ్లను ఐదు జతలుగా చేసి, సుడి ఆకారం ఉన్న వేలికి జత క్రమాన్నిబట్టి 16, 8, 4, 2, 1 విలువలు ఇస్తారు. ప్రతి జతలో ఒక వేలి విలువ లవంలోకి, మరొక వేలి విలువ హారంలోకి చేరుతుంది. రెండు మొత్తాలకూ ఒకటేసి కలిపితే వచ్చే భిన్నమే ఆ వ్యక్తి పత్రం ఉండవలసిన గూటి సంఖ్య. 32ను 32తో గుణిస్తే 1024 గూళ్లు. గణితం తెలిసిన గుమాస్తా ఎవరైనా కొద్ది నిమిషాలలో పత్రాన్ని చేరుకోగల ఏర్పాటు ఇది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది.

ఆ సంవత్సరమే జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు గొంతు కోయబడి మరణించాడు. పెట్టెలోని సొమ్ము పోయింది. హెన్రీ తన గ్రంథంలో ఇచ్చిన వృత్తాంతంలోని అనుమానితుల వరుస చదివితే ఏ గేమ్ రచయితకైనా అసూయ కలుగుతుంది: కఠినుడైన యజమాని మీద కసి ఉన్న కూలీలు, బట్టలమీద రక్తపు మరకలున్న వంటవాడు (పావురాన్ని కోశానని అతని సమాధానం), మేనేజరుతో సంబంధమున్న స్త్రీ బంధువులు, సమీపంలో విడిది చేసిన కాబూలీల గుంపు, దొంగతనం నేరంమీద అదే మేనేజరు జైలుకు పంపిన పాత నౌకరు. పెట్టెలో దొరికిన బెంగాలీ పంచాంగం అట్టమీద గోధుమరంగు మరకలు రెండున్నాయి. ఒకదానిలో వేలి గీతలు కనిపించాయి. కార్యాలయంలోని పత్రాలతో పోల్చగా అది పాత నౌకరు కంగాలీ చరణ్ కుడి బొటనవేలి ముద్ర అని తేలింది.

గేమ్ అయితే ఇక్కడ ముగుస్తుంది. 1898 నాటి న్యాయస్థానం ఇక్కడ ఆగలేదు. పంచాంగం మీది ముద్ర నిందితుడు ఆ పెట్టెను తాకాడని చెబుతుంది గాని కత్తి పట్టాడని చెప్పదు. కనుక చోరీ నేరం రుజువైనట్లు, హత్యానేరం విధించడం క్షేమకరం కానట్లు తీర్పు వెలువడింది. ఈ తీర్పును వేలిముద్రల సాక్ష్యానికి లభించిన తొలి విజయంగా పేర్కొనడం పరిపాటి. దానిలోని నిగ్రహాన్ని గుర్తుచేసుకొనేవారు తక్కువ. మరుసటి ఏడాదే, 1899 నాటి 5వ చట్టం ద్వారా, భారత సాక్ష్య చట్టం 45వ సెక్షనులో నిపుణుల అభిప్రాయానికి తగిన విషయాలలో వేలిముద్రలు చేరాయి.

హెన్రీ 1901లో స్కాట్లండ్ యార్డుకు చేరి అక్కడ వేలిముద్రల శాఖను నెలకొల్పాడు. 1902 జూన్‌లో లండన్ డెన్మార్క్ హిల్‌లోని ఒక ఇంట్లో బిలియర్డ్ బంతులు చోరీ అయ్యాయి. కొత్తగా రంగు వేసిన కిటికీ గడపమీద దొంగ వేలిముద్ర మిగిలింది. డిటెక్టివ్ సార్జెంట్ చార్లెస్ కాలిన్స్ దానిని ఫోటో తీసి, దాఖలాలతో పోల్చి, హ్యారీ జాక్సన్ ఎడమ బొటనవేలిదని నిర్ధారించాడు. సెప్టెంబరులో ఓల్డ్ బెయిలీలో జాక్సన్‌కు ఏడేళ్ల శిక్ష పడింది. గోడకు కన్నం వేసే పద్ధతినుండి పుట్టిన మన ‘కన్నం’ అనే మాటకు కిటికీ గడప కొంత దూరమే, నేరం మాత్రం అదే.

రెండు కేసులకూ ఒక సామ్యం ఉంది. కంగాలీ చరణ్, జాక్సన్ ఇద్దరూ అంతకుముందే శిక్ష అనుభవించినవారు. అందుకే వారి ముద్రలు గూళ్లలో ఉన్నాయి. తొలిసారి దొంగతనానికి దిగినవాడు అదే కిటికీ గడపను తాకి ఉంటే కాలిన్స్ ఫోటోకు జత దొరికేది కాదు. మరొక ఇబ్బంది కూడా ఉంది: హెన్రీ భిన్నానికి పది వేళ్లూ కావాలి, దొంగ వదిలేది ఒకటి లేదా రెండు. స్కాట్లండ్ యార్డులో హ్యారీ బాట్లీ ఒంటి వేలిముద్రల వర్గీకరణను రూపొందించి గ్రంథంగా ప్రకటించినది 1930లో. అంతవరకు అనుమానం ముందు, ముద్ర తరువాత. గేమ్‌లో ఒక మీట నొక్కితే తెరమీద ముద్రలు చకచకా దొర్లి ఒకచోట ఆగే దృశ్యం ఈ దశాబ్దాల శ్రమనంతటినీ మింగేస్తుంది.

ఎవరి ముద్రలు ముందుగా గూటికి చేరాలన్న ప్రశ్నకు తెలుగు నేల ఒక చేదు సమాధానం చూసింది. మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించిన 1911 నాటి నేరస్థ తెగల చట్టం, నమోదైన తెగల సభ్యుల వేలిముద్రలను ఎప్పుడైనా తీసుకొనే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. నేరం చేసినట్లు రుజువు కానక్కరలేదు. ఆ తెగలో పుట్టి, పేరు రిజిస్టరులోకి ఎక్కితే చాలు. ఆ దశకంలోనే సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకలవారి కోసం నాటి గుంటూరు జిల్లాలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దయినా ఊరి పేరు దొంగతనానికి పర్యాయపదంగా తెలుగు సినిమాలలో నిలిచిపోయింది. ఎవరినైతే పదేపదే వెదకుతారో వారే పదేపదే దొరుకుతారు. జల్పాయిగురి తీర్పు ముద్రకూ నేరానికీ మధ్య ఉంచిన దూరాన్ని ఈ చట్టం పుట్టుకతోనే చెరిపివేసింది.

గేమ్‌ల విషయంలో మరొకటి గమనించదగినది. 1947 నాటి లాస్ ఏంజెలస్ నేపథ్యంగా 2011లో వచ్చిన ‘ఎల్.ఎ. నోయర్’ కోసం తొలుత తలపెట్టిన చోరీల విభాగం తుది రూపంలో లేదు. హత్యలు, గృహదహనాలు మిగిలాయి. చోరీకి నాటకీయత తక్కువ కావచ్చు. నిజజీవితంలో మాత్రం దాఖలాల గూళ్లు నింపినవి ఎక్కువగా ఇటువంటి చిన్న నేరాలే.

గూళ్ల స్థానంలో ఇప్పుడు కంప్యూటర్లు ఉన్నాయి. జాతీయ స్వయంచాలక వేలిముద్రల గుర్తింపు వ్యవస్థ 2022లో ప్రారంభమైంది. అదే ఏడాది అమలులోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానాన్ని ఆక్రమించి, శిక్షపడినవారితోపాటు అరెస్టయినవారి ముద్రలు తీసుకొనేందుకూ, దాఖలాలను 75 సంవత్సరాలపాటు భద్రపరచేందుకూ వీలు కల్పించింది. గతంలో శిక్ష పడనివారు నిర్దోషులుగా విడుదలైతే, న్యాయస్థానం వేరుగా ఆదేశించనప్పుడు, వారి దాఖలాలను తొలగించాలన్న నిబంధన కూడా ఆ చట్టంలోనే ఉంది.