ఒక ఎంపీ, రెండు కాంటూర్లు

కాంటూరు అనే మాట పోలవరం ముంపు ఊళ్లలో బడి మొహం చూడని అవ్వలకి కూడా తెలుసు. 41.15 లోపల ఉంటే ముందు విడతలో ప్యాకేజీ, 45.72 దాకా అయితే ఇంకా ఎదురుచూపే. ఇదే మాట మనకంటే ముందే కొల్లేరు జనం నోట్లో నానింది. ఈ రెండు చోట్లకీ ఒకే ఎంపీ ఉన్న ఐదేళ్లు ఉన్నాయి, 2009 నుంచి 2014 దాకా. ఆయన కావూరి సాంబశివరావు గారు. గూడెం నిట్‌లో, ఏలూరు హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామందికి ఆ పేరు కొత్త కావచ్చు.

కావూరి గారు ఇంజనీరు. ప్రోగ్రెసివ్ కన్‌స్ట్రక్షన్స్ అని కాంట్రాక్టు కంపెనీ పెట్టి ఎదిగారు. 1984లో రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లకి 30 తెలుగుదేశం ఊడ్చుకుపోయినా, బందరులో కాంగ్రెస్ తరఫున ఈయన నిలబడ్డారు. 1989, 1998లో కూడా అక్కడే గెలిచారు. 2004లో ఏలూరు వచ్చారు. సూపర్‌స్టార్ కృష్ణ ఒకసారి, బోళ్ల బుల్లిరామయ్య నాలుగుసార్లు గెలిచిన సీటు అది. 2009లో మళ్లీ గెలిచారు. మొత్తం ఐదుసార్లు.

ఇక కొల్లేరు సంగతి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు అందులోకి దిగి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. 1976లో ప్రభుత్వం లంక గ్రామాల పేదలతో సొసైటీలు పెట్టించి చేపల చెరువులు ఇచ్చింది. పేరు సొసైటీది, పెట్టుబడి బయటోళ్లది. మెల్లగా లీజుల మీద లీజులు పడి, వల వేసుకుని బతికే వడ్డి కులం వాళ్లు తమ సరస్సులో తామే కూలీలయ్యారు. మన యానాది అన్నదమ్ములయితే గట్ల మీద పాక వేసుకుని ఎవరి చేపలకో కాపలా కాశారు, ఇప్పటికీ కాస్తున్నారు.

1999లో సముద్ర మట్టానికి +5 అడుగుల కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు. 2006లో సుప్రీంకోర్టు కమిటీ గట్టిగా పట్టుకునేసరికి చెరువుల గట్లు పేల్చి, పొక్లెయిన్లతో తెగ్గొట్టారు. అప్పుడు రాష్ట్రంలో ఉన్నది కావూరి గారి పార్టీయే. అయినా ఆయన +5ని +3కి దించాలని పట్టుబట్టారు. అలా దించితే అభయారణ్యం సగానికి పైగా తగ్గిపోద్ది. 2008లో అసెంబ్లీ కూడా అదే తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ మాత్రం తగ్గించొద్దు, జిరాయితీ రైతులకి పరిహారం ఇవ్వండి అంది. నా మట్టుకు నాకు ఆ కమిటీ మాటే సబబు అనిపిస్తుంది. సొంత పట్టా భూమి పోయిన చిన్న రైతు బాధ నిజమే, కానీ +3 అనే గొడుగు కింద ఎక్కువ నీడ దొరికేది పెద్ద లీజుదారుకే.

ఢిల్లీ కథ త్వరగా చెప్పేస్తా. సమైక్యాంధ్ర ఎంపీల్లో పెద్ద గొంతు ఈయనది. 2013 జూన్‌లో జౌళి శాఖ మంత్రి అయ్యారు. తెలంగాణ నిర్ణయం వచ్చాక కూడా పదవిలో ఉన్నారని సొంత నియోజకవర్గంలోనే సమైక్యవాదులు అడ్డం పడ్డారు. కంపెనీ బాకీల మీద బ్యాంకు ఉద్యోగులే హైదరాబాద్‌లో ధర్నాకి దిగారు. బాకీదారు ముందు బ్యాంకోళ్లు ప్లకార్డులు పట్టుకోవడం మనూళ్లో ఎవరైనా చూశారా? 2014లో కాంగ్రెస్ వదిలి బీజేపీలో చేరారు. మళ్లీ లోక్‌సభకి వెళ్లలేదు.

ఇప్పుడు మన కాంటూరు దగ్గరికి రండి. 2008 పునర్విభజనతో ఏలూరు సీటు కింద ఏడు అసెంబ్లీలు వచ్చాయి. చేపల చెరువుల కైకలూరు ఒకటి, ఎస్టీ సీటు పోలవరం ఒకటి. ఏడింట్లో ఎస్టీ సీటు అదొక్కటే. +5ని దించమని అసెంబ్లీ ఏకంగా తీర్మానం చేసిన రాష్ట్రంలో, డ్యామ్ ఎత్తు మీద సుప్రీంకోర్టుకెళ్లింది ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లు. కోయలు, కొండరెడ్లు మునిగేది ఎక్కువగా మన వైపే అయినా. ఒక్క కావూరి గారినే అనడం లేదు. 41.15 అనే విడత గీత ఆయన దిగిపోయాక వచ్చింది, తర్వాత గెలిచినోళ్లది కూడా అదే లెక్క. ఓట్లు, డబ్బు ఉన్న చోట కాంటూరు రాజకీయం అవుతుంది, గుట్టల్లో అది ఇంజనీరు పని అవుతుంది. 2022 జూలై వరదకి కుక్కునూరు, వేలేరుపాడు మునిగినప్పుడు నీళ్లు ఆ గీత చూసి ఆగలేదు.

ఒక పని చేద్దాం. లోక్‌సభ వెబ్‌సైటులో సభ్యుల పేరు కొడితే వాళ్లు అడిగిన ప్రశ్నలు వస్తాయి. 2009 నుంచి ఇప్పటిదాకా ఏలూరు ఎంపీలు ముంపు గురించి ఎన్ని అడిగారో, చేపల గురించి ఎన్ని అడిగారో తలా ఒక పేరు తీసుకుని లెక్కపెట్టి కామెంట్లో పెట్టండి. కావూరి గారిది నేను తీసుకుంటా.