ఊపిరి, శక్తి, పరిశుద్ధాత్మ: పి. చెంచయ్య చింతనలో కుంభకోణం యోగం

పాండిపెద్ది చెంచయ్య (1886–1959) పేరు మన వేదాంత కళాశాలల్లో ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ అనే గ్రంథంతో ముడిపడి వినబడుతుంది. 1938 డిసెంబరులో తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు ముందు, హెండ్రిక్ క్రేమర్ వాదానికి జవాబుగా మద్రాసు క్రైస్తవ మేధావులు వెలువరించిన గ్రంథమది. నెల్లూరులో పుట్టి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఈ తెలుగు వేదాంతి పరిశుద్ధాత్మను గూర్చి మాట్లాడిన తీరుపై ఒక యోగమార్గం ప్రభావం ఉంది. ఆ సంగతిని మన తెలుగు సంఘం దాదాపు మరచిపోయింది. ఆ మార్గాన్ని, దానికి దగ్గరి పోలిక గల చైనా తావో సాధనను పక్కపక్కన ఉంచి చూడటం ఈ వ్యాసోద్దేశం.

మంచిర్యాల, గోదావరిఖని ప్రాంతాలలో ఇది పుస్తకాలకే పరిమితమైన ప్రశ్న కాదు. బొగ్గుబాయిలో దిగి పనిచేసినవారికి ఏళ్ళ తరబడి పీల్చిన ధూళి ఊపిరితిత్తులలోనే నిలిచిపోవచ్చు. శ్వాస వ్యాయామం మేలు చేస్తుందని డాక్టరు చెబుతాడు. దానికి ప్రాణాయామమనే పేరు వచ్చేసరికి విశ్వాసి సందేహంలో పడి, “అయ్యగారూ, చేయవచ్చునా?” అని కాపరిని అడుగుతాడు. అన్యాచారం గనుక వద్దని ఒక జవాబు, వట్టి వ్యాయామమే గనుక ఫరవాలేదని మరొక జవాబు. రక్షణలో శరీరానికి చోటున్నదా అన్న అసలు ప్రశ్న రెండింటిలోనూ జారిపోతుంది.

తావో సాధకులు మనిషిలో మూడు నిధులున్నవంటారు: జింగ్ అనే బీజసారం, చీ అనే ప్రాణశక్తి, షెన్ అనే చైతన్యం. ‘చీ’ అనే మాటకు ఊపిరి, ఆవిరి, శక్తి అని మూడర్థాలూ ఉన్నవి. బొడ్డుకు దిగువనున్న దాన్‌తియాన్ అనే స్థానంలో ధ్యాస నిలిపి, శ్వాసను క్రమంగా సన్నగిల్లజేసి, జింగ్‌ను చీగాను, చీని షెన్‌గాను మార్చుకొంటూ పోవడమే ‘నైదాన్’, అనగా అంతర రసవాదం. పూర్వులు మూసలో ఇంగిలీకం కాచి సాధించబోయిన అమృతాన్ని వీరు శరీరమనే మూసలో వండబోయారు. గర్భంలోని శిశువువలె ముక్కుతో పని లేకుండా శ్వాసించడం వారి ఆదర్శాలలో ఒకటి. శరీరాన్ని విడిచిపోవడం కంటె శరీరాన్నే మార్చుకోవడం వీరి గురి. మన అద్వైత సంప్రదాయానికీ దీనికీ ఉన్న పెద్ద భేదం ఇదే.

ఈ సాధనను పాశ్చాత్యులకు పరిచయం చేసినవారిలో మిషనరీలు ముఖ్యులు. బీజింగులో ఉన్న జెస్యూట్ గురువు పియేర్ మార్షల్ సిబో వ్రాసిన వివరణ 1779లో అచ్చయింది. ఆయన దీనిలో వైద్యాన్ని చూచి, సిద్ధాంతాన్ని పక్కన పెట్టాడు. 1899లో మిషనరీగా చింగ్‌దావ్ వెళ్ళిన రిచర్డ్ విల్‌హెల్మ్ 1929లో ‘స్వర్ణపుష్ప రహస్యం’ అనే సాధనగ్రంథాన్ని జర్మనులోకి తెచ్చాడు. దానికి యుంగ్ వ్యాఖ్య తోడై, ఊపిరి సాధన మనస్తత్వశాస్త్రంగా మారింది. ఒకరు వైద్యమన్నారు, మరొకరు మనస్సన్నారు. పరిశుద్ధాత్మ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ పని మన చెంచయ్య చేశారు, వేరొక దారిలో. కుంభకోణంలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన కంచుపాటి వెంకట్రావు వెంకాసామిరావు (1868–1922), అనగా మాస్టర్ సి.వి.వి., 1910 మే 29న తన యోగమార్గాన్ని ఆరంభించారు. దానికి భృక్తరహిత తారక రాజయోగమని పేరు. కుంభకము, రేచకము అంటూ ఊపిరి బిగబట్టడం ఇందులో లేదు. ఉదయం ఆరుకు, సాయంత్రం ఆరుకు గురువు పేర నమస్కారం చెప్పి, కళ్ళు మూసుకొని, లోపల జరిగే మార్పులను ఊరక చూస్తూ కూర్చోవడమే సాధన. శక్తిని కిందినుండి పైకి లేపే శ్రమ సాధకునిది కాదు. శక్తి తానే దిగివచ్చి దేహాన్ని సవరిస్తుందని బోధ. శరీర శాశ్వతత్వం దాని గురి. పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) ఆయన శిష్యులు. ఆ అనుభవాలను ‘ప్రజ్ఞా ప్రభాకరం’లో చెప్పుకొన్నారు. తరువాతి తరంలో ఎక్కిరాల కృష్ణమాచార్య (1926–1984) విశాఖపట్నం కేంద్రంగా ఈ మార్గాన్ని విదేశాలకు కూడ తీసుకొనిపోయారు.

గురి విషయంలో కుంభకోణం తావోకు దగ్గర, పద్ధతిలో దూరం. తావో సాధకుడు వండుకొంటాడు, సి.వి.వి. సాధకుడు వడ్డన కోసం కూర్చుంటాడు. చెంచయ్యను ఆకర్షించినది ఈ రెండవ అంశమే అనుకుంటాను. ఇందులో కృపా సిద్ధాంతపు వాసన ఉంది. యేసుక్రీస్తులో సృష్టిలోనికి కొత్త మానవుడు ప్రవేశించాడనీ, పరిశుద్ధాత్మ ఆ నూతన సృష్టిని ముందుకు నడిపే విశ్వశక్తి అనీ ఆయన బోధించారు. అరవిందుల ఆలోచన కూడ ఇందులో కలిసింది. పాపక్షమాపణతో ఆగిపోయే రక్షణ ఆయనకు చాలలేదు.

ఇది క్రైస్తవేతర ఆలోచన అని తోసివేయడం తేలిక. కాని 14వ శతాబ్దంలో ఆథోస్ కొండ సన్యాసులు ఊపిరితో జతచేసి యేసు నామాన్ని జపించినప్పుడు, వారు ఆత్మను బొడ్డులో వెదకుతున్నారని బర్లాము ఎగతాళి చేశాడు. గ్రెగరీ పలమాసు వారి పక్షాన వాదించాడు. 1351లో కాన్‌స్టాంటినోపుల్ సభ అతని బోధను స్థిరపరచింది. ప్రార్థనలో శరీరం పాలుపొందవచ్చునని ప్రాచ్య సంఘం అంగీకరించినట్లే.

మన తెలుగు బైబిలు భాష కూడ ఈ ప్రశ్నను కొంత మరుగుపరచింది. హెబ్రీలో రూవహ్, గ్రీకులో న్యూమా గాలికీ, ఊపిరికీ, ఆత్మకూ ఒకటే మాట. యోహాను 3:8లో మూలంలోని ఒకే పదం తెలుగులో ఒకచోట గాలిగాను, అదే వచనంలో మరొకచోట ఆత్మగాను చీలింది. అనువాదకులకు వేరే దారి లేదు. అయినా మన పాఠకునికి ఆత్మ అనగానే శరీరానికి ఎదురైనదే తోచుటకు ఇదొక కారణం. ఆదికాండము 2:7లోని జీవవాయువు ఒక్కచోట మాత్రం పాత బంధుత్వం కనబడుతుంది.

చెంచయ్య ప్రశ్న సరియైనదే గాని జవాబులో ఒక లోటున్నది. సి.వి.వి. తన 54వ ఏట మరణించారు. తావో అమృతాలు తాగిన చక్రవర్తులూ చనిపోయారు. శక్తి దిగివచ్చినా ఊపిరితిత్తుల్లోని బొగ్గు కరగని మనిషికి ఏమి చెప్పాలి? రోమా పత్రిక 8వ అధ్యాయంలో ఆత్మ ప్రథమఫలములు పొందినవారే దేహ విమోచనము కొరకు కనిపెట్టుచు మూలుగుతారు. ఆత్మయు వారితో కూడ మూలుగుతాడు. మూలుగు కూడ ఊపిరే. దగ్గుతో నిద్రలేని బాయి కార్మికుని పక్కన కూర్చున్న కాపరికి కొత్త శక్తిని గూర్చిన బోధకంటె ముందుగా అక్కరకు వచ్చే వాక్యభాగం అది.