దూరం పోతేనే దేశి

వరంగల్‌లో మనిషిని ఎవరూ దేశి అనరు. ఆవును అంటారు, నెయ్యిని అంటారు, సారాను అంటారు. కోడికి ఆ గౌరవమూ లేదు, దాన్ని నాటుకోడి అనేస్తారు. మనిషికి ఈ విశేషణం తగలాలంటే అతను శంషాబాద్‌లో విమానం ఎక్కి సముద్రాలు దాటాలి. దిగిన మర్నాడు సోనా మసూరి కోసం వెతుక్కుంటూ వెళ్లే దుకాణం దేశీ స్టోరు. ఉద్యోగం చూసిపెడతానన్నవాడు దేశీ కన్సల్టెన్సీ వాడు. అక్కడే పిల్లలు పుడితే వాళ్లను ఏబీసీడీలని ఆటపట్టిస్తారు. అంటే అమెరికన్ బార్న్ కన్ఫ్యూజ్డ్ దేశీ, అందులో చివరి డీ దేశీయే.

హన్మకొండలో పుట్టి పెరిగినా అంటని మాట న్యూజెర్సీలో ఒక్క పూటలో అంటుకుంటుంది. ఈ మాటకు ఇంత దూరమెందుకు కావలసి వచ్చిందో దాని వేరులోనే ఉంది.

ధాతువు దిశ్. అర్థం చూపడం. వేలు చూపిన వైపు దిశ, చూపిన చోటు దేశం. ఉపదేశం, ఆదేశం, సందేశం, నిర్దేశం అన్నీ ఆ వేలి సంతానమే. దారి చూపే గురువు దేశికుడు. ఈ కుటుంబానికి పడమటి దేశాల్లోనూ దాయాదులున్నారు. గ్రీకులో చూపడానికి దెయిక్నుమి, లాటిన్‌లో చెప్పడానికి దీకెరె, ఇంగ్లీషులో నేర్పడానికి టీచ్. లాటిన్ దీకెరె నుంచే డిక్షనరీ పుట్టింది. కాబట్టి దేశీ, డిక్షనరీ జ్ఞాతులు. ఈ చుట్టరికం తెలిశాక నిఘంటువు పట్టుకుని కూర్చునేవాళ్లకు కాస్త గర్వం కలగడం సహజం.

చూపాలంటే దూరం ఉండాలి. తాను నిలుచున్న నేలను వేలు పెట్టి చూపేవాడు ఉండడు. "మీదేవూరు?" అన్న ప్రశ్నకు మనం చెప్పే జవాబుల్నే గమనించండి. కాజీపేటలో అడిగితే నయీంనగర్ అంటాం. హైదరాబాద్‌లో అడిగితే వరంగల్ అంటాం. ఢిల్లీలో అడిగితే హైదరాబాద్ దగ్గర అంటాం. డాలస్‌లో తెల్లవాడు అడిగితే ఇండియా. అదే డాలస్‌లో దేశీ స్టోరు క్యూలో ముందున్నాయన అడిగితే మళ్లీ వెనక్కి మొదలు: తెలంగాణ, వరంగల్, ఆయన కూడా అటువాడే అయితే నయీంనగర్‌లో ఏ సందు అన్నదాకా. ఎంత దూరం నుంచి చూపితే దేశం అంత పెద్దదవుతుంది.

తెలుగు నుడికారంలో దేశం అంటే చాలాకాలం ఇంటి బయటి చోటే. ఇల్లు విడిచినవాడు దేశం మీద పడ్డాడు, లేదా దేశాలు పట్టిపోయాడు. ఊరికే తిరిగేవాడు దేశదిమ్మరి. దిక్కులేనివాడు పరదేశి. కష్టం చెప్పుకోవలసి వస్తే దేశం గాని దేశం. ఈ పలుకుబళ్లలో ఎక్కడా జెండా లేదు, సరిహద్దు లేదు. ఉన్నది గడప, దాని అవతల భయం.

నిజాం కాలపు తెలంగాణలో దేశం రెవెన్యూ లెక్కల్లోని మాట. దేశ్‌ముఖ్, దేశ్‌పాండేల పేర్లలోని దేశం కొన్ని ఊళ్ల పట్టీ మాత్రమే. దేశ్‌ముఖ్ అంటే ఆ పట్టీకి ముఖం. దౌర్జన్యాలకు పేరుమోసిన విస్నూరు దేశ్‌ముఖ్ ముఖం ఎలాంటిదో పాలకుర్తి వైపు ముసలివాళ్లు చెప్పగా విన్నవారికి ఆ సమాసం గురించి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. 1905 స్వదేశీ ఉద్యమం, గురజాడ దేశభక్తి గీతం, కాశీనాథుని నాగేశ్వరరావుకు దక్కిన దేశోద్ధారక బిరుదు, ఇవన్నీ వచ్చాక గానీ మన నోట దేశం అంటే నేషన్ అన్న అర్థం స్థిరపడలేదు. మనం గుండె మీద చెయ్యి వేసుకుని పలికే అర్థం ఈ మాటకు వచ్చిన అర్థాల్లో కడగొట్టుది.

పాలకుర్తి అన్నాను కనుక ఇక్కడ ఆగక తప్పదు. 2016 దాకా అది వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ. ఊరు కదలలేదు, జిల్లా కదిలింది. ఆ ఊరి సోమనాథుడు కాకతీయుల కాలంలో బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు. పండితులు మెచ్చే సంస్కృత వృత్తాలు కాదని, జనం పాడుకునే దేశి ఛందస్సు ఎత్తుకున్నాడు. తన భాషను జాను తెనుగు అన్నాడు. అంతకు ముందు నన్నెచోడుడు కూడా తెలుగు కవిత్వాన్ని దేశి లెక్కలోనే వేశాడు.

దేశికి ఎదురు మాట మార్గ. మృగ్ అంటే వెతకడం, వేటాడటం. మృగం అక్కడిదే, మృగం జాడ పట్టి నడిచే మార్గమూ అక్కడిదే. శాస్త్రం గీసిన, అన్ని చోట్లా ఒకేలా ఉండే బాట మార్గ. చోటును బట్టి, జనం ఇష్టాన్ని బట్టి మారేది దేశి. ఆ లెక్కన దేశి ఉన్నచోట ఉండేది, మార్గ ప్రయాణం చేసేది. ఇప్పుడు తారుమారైంది. దేశి అనిపించుకోవాలంటే మార్గాన పడాలి.

ఓరుగల్లు కాకతీయుల కొలువులో ఉండి ఈ రెంటినీ సరిసమానంగా తూచినవాడు జాయపసేనాని. గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి. 1253-54లో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో మొదటి నాలుగూ మార్గానికి, తక్కిన నాలుగూ దేశికి. ఏనుగుల్ని లెక్కపెట్టడం అలవాటైనవాడు కనుక తూకం తప్పలేదు. కోలాటం వంటి పామరుల ఆటలకు సంస్కృతంలో శాస్త్రం రాయడానికి అతనికి నామోషీ అనిపించలేదు. ఇంకో విశేషం, దేశికి సమానంగా పీట వేసిన ఇతను ఓరుగల్లు స్థానికుడు కాడు. కృష్ణా ముఖద్వారంలోని దివిసీమ అయ్యకులంవాడు, అక్కచెల్లెళ్లను రాజుకిచ్చిన సంబంధంతో ఇక్కడికి వచ్చినవాడు.

స్థానికుడు అన్న మాట మీద ఇదే నగరంలో తర్వాత పెద్ద గొడవే జరిగింది. అప్పుడు వాడిన మాట ముల్కీ. అరబ్బీలో ముల్క్ అంటే రాజ్యం, సొత్తు కూడా. మాలిక్ దాని తోబుట్టువు. ముల్క్‌కు చెందినవాడు ముల్కీ, అక్షరాలా దేశి. నిజాం 1919లో తెచ్చిన నిబంధన ప్రకారం బయటివాడు ముల్కీ కావాలంటే పదిహేనేళ్లు ఇక్కడ కాపురముండాలి. జాయపసేనాని చిన్ననాడే వచ్చాడు కాబట్టి గడువు దాటేవాడనుకోండి. 1952లో బయటివారికి ఉపాధ్యాయ ఉద్యోగాలిచ్చారని వరంగల్ విద్యార్థులు మొదట రోడ్డెక్కారు. తర్వాత ఆ మంట హైదరాబాద్‌కు పాకింది. ఆనాటి నినాదాల్లో ఒకటి ఇడ్లీ సాంబార్ గోబ్యాక్.

ఆ నినాదం ఇచ్చినవారి మనవలు ఇవాళ ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో ఆదివారం పొద్దున దేశీ టిఫిన్ కోసం బారులు తీరుతారు. ప్లేటులో వచ్చేది ఇడ్లీ సాంబారే. నేనిది ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. 1952 కోపం ఉద్యోగాల మీద, ఆ కోపంలో న్యాయముంది. కానీ మాట నడక చూడండి. హన్మకొండలో పరాయిదైన పళ్లెం అట్లాంటిక్ అవతల స్వదేశమైంది.

ఇక సూట్‌కేసు సంగతి. ఒక్కో పెట్టె ఇరవై మూడు కిలోలు దాటకూడదు. సర్వపిండి, సకినాలు, మామిడికాయ తొక్కు, ఆపైన ఏనుమాముల మార్కెట్ మిరపకాయలతో పట్టించిన కారం. ఈ చివరిదాన్ని మూడు పొరల ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, మూతికి టేపు వేసి, చీర మడతల మధ్య కూరుతారు. అమెరికాలో దొరికే కారం కారమే కాదని అమ్మల నిశ్చితాభిప్రాయం. అయితే మిరపకాయ పుట్టిల్లే అమెరికా ఖండం. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికొచ్చింది. అప్పటికి మనకున్న ఘాటు మిరియానిది, కాబట్టి ఆ మాటనే సాగదీసి మిరపకాయ అన్నాం. వరంగల్ నుంచి అట్లాంటా వెళ్లే కారం పొట్లం నిజానికి పుట్టింటికి పోతున్నది. కస్టమ్స్ అధికారికి ఈ వాదన పనిచేస్తుందన్న హామీ మాత్రం నేనివ్వలేను.

దేశికి మన సొంత మాట నాటు. నాడు నుంచి వచ్చింది: పలనాడు, వెలనాడు, తమిళనాడులలోని నాడే. నాడుకు చెందినది నాటు. పొలంలో నాట్లు వేసే నాటు వేరే మాట అంటారు నిఘంటుకర్తలు. వలసల గురించి రాసేవారికి ఈ శ్లేష మీద చెయ్యి వేయాలని దురద పుడుతుంది. నేను వేయను.

వ్యాకరణం ప్రకారం ఒక తమాషా ఉంది. దేశి అన్న మాట తత్సమం, సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నది. నాటు దేశ్యం. అంటే దేశి దేశ్యం కాదు, నాటే అసలైన దేశి. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద నాటు నాటు పాటగా గెలిచింది ఈ దేశ్యపదమే. పాట రాసిన చంద్రబోస్ చల్లగరిగ వారు. అదీ ఒకప్పటి వరంగల్ జిల్లా ఊరే, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి. ఆ రోజు నాటు అర్థం తెలియని కోట్లమంది భారతీయులు అది తమ దేశానికి దక్కిన గౌరవమని మురిశారు. విదేశాల్లోని తెలుగువాళ్లు మర్నాడు ఆఫీసుల్లో సహోద్యోగులకు ఆ అర్థం విడమరిచి చెప్పలేక తంటాలు పడి ఉంటారు. నాటు అంటే మోటు అని చెబితే గర్వం పోతుంది, స్వదేశీ అని చెబితే రుచి పోతుంది.

అమెరికాలో వినిపించే పలుకు దేశీ కాదు, దేసీ. ప్రాకృతంలోనే శకారం సకారమైంది, హిందీ దాన్ని నిలుపుకుంది, ఇంగ్లీషు హిందీ నుంచి తీసుకుంది, మన పిల్లలు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నారు. కాబట్టి సోమనాథుడి దేశి తత్సమం, హిందీ దేసీ తద్భవం, న్యూజెర్సీ నుంచి సెలవులకు వచ్చిన పిల్లవాడి నోటి దేసీ అన్యదేశ్యం. ఒకే మాటకు మూడు పాస్‌పోర్టులు. అందులో మూడోది చూపించినవాడికి ఊళ్లో మర్యాద ఎక్కువ, అది వేరే సంగతి.

ఇదంతా అమెరికా కథ. గల్ఫ్‌కు పోయినవాళ్లకు దేశీ అన్న మాటతో పెద్దగా పని పడదు. అక్కడి అరబ్బులు వాళ్లను హిందీ అంటారు. అరబ్బీలో హిందీ అంటే భారతీయుడు. రెండు ముక్కల హిందీ కూడా రాని మనిషి దుబాయిలో దిగగానే హిందీ అయిపోతాడు. ఆ మాటలో తక్కువతనం లేదు. హింద్ అరబ్బు ఆడపిల్లలకు పెట్టుకునే పేరు, ముహన్నద్ అంటే భారతదేశపు ఉక్కుతో చేసిన కత్తి. తక్కువతనం కూలిరేట్లలో ఉంది.

గల్ఫ్ వలస కరీంనగర్, నిజామాబాద్ వైపు ఎక్కువ, వరంగల్ పల్లెల నుంచీ ఉంది. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని తెలంగాణ తన బతుకుదెరువును మూడు మాటల్లో చెప్పుకున్నదే. 2021 అక్టోబరులో బుర్జ్ ఖలీఫా మీద బతుకమ్మ బొమ్మ వెలిగితే ఫోన్లలో ఇంటింటికీ చేరింది. అలాంటి మేడలు కట్టిన కూలీలు ఎందరో ఉండేది నగరం అంచున ఉన్న క్యాంపుల్లో. దుబాయిలోని అలాంటి ఒక పేటకు ప్రభుత్వం పెట్టిన పేరు ముహైస్నా. కూలీలు పిలుచుకునే పేరు సోనాపూర్, బంగారు పురం. పేరు పెట్టినవాడి హాస్యం కటువైనది.

వాళ్ల రోజువారీ మాటల్లో ముఖ్యమైనది అకామా, నివాస అనుమతి పత్రం. అరబ్బీ ఇఖామా. దాని ధాతువుకు అర్థం నిలబడటం. మనం ఎప్పుడో తెచ్చుకున్న మకాం ఆ ధాతువుదే, ఖాయం కూడా అదే, జాతి అన్న అర్థంలోని కౌమ్ కూడా అదే. తెలుగులో మకాం అంటే రెండు రోజులు దిగే చోటు. ఎన్నేళ్లున్నా ఏదో ఒకనాడు పెట్టె సర్దుకోవలసిన అకామాకు ఆ తెలుగు అర్థమే సరిగ్గా సరిపోయింది.

అకామా పోయినవాడికీ ఓ మాట ఉంది: ఖల్లివెల్లి. అరబ్బీలో ఖల్లీ వల్లీ అంటే పోనీ, వదిలెయ్ అనే విసురు. తెలంగాణ నోట అది మనిషి పేరైంది. జామీను ఉన్న యజమాని (కఫీల్) దగ్గర నుంచి బయటపడి కాగితాలు లేకుండా తిరిగేవాడు ఖల్లివెల్లి. వదిలెయ్ అన్న క్రియ వదిలేయబడిన మనిషిగా మారడం ఏ వ్యాకరణ సూత్రానికీ అందదు. చేసినవాళ్లు పండితులు కారు, తాపీపనివాళ్లు, డ్రైవర్లు, గొర్రెల కాపరులు.

దేశీ ఇంగ్లీషు నిఘంటువులకెక్కింది. ఖల్లివెల్లి మన పెద్ద తెలుగు నిఘంటువుల్లో లేదు, అవి అచ్చయ్యేనాటికి ఈ మాట పుట్టలేదు. మీ ఇంట్లో గానీ వాడలో గానీ గల్ఫ్ చేసి వచ్చిన బాబాయో, మేనమామో ఉంటే కూర్చోబెట్టి అక్కడ వాడిన మాటలు అడగండి. పలికినట్టే, అర్థంతో సహా, ఏ ఊళ్లో ఏ పనిలో ఉండగా విన్నారో కూడా కలిపి రాసి పెట్టండి.