నిర్మల గంజీఫా

హైదరాబాదు నుండి నాగపురమునకు పోవు పాతబాట సోను కడ గోదావరిని దాటి అడవిగుట్టల నడుమ ప్రవేశించుచోట నిర్మల పట్టణము కలదు. నిమ్మనాయుడను పాలకుని పేర వెలసినదని స్థానికులు చెప్పుకొను ఈ ఊరు పొణికికఱ్ఱ బొమ్మలకును పసిడివన్నె చిత్రములకును ప్రసిద్ధమైనదే గాని, ఇచ్చటి నకాశీలను చిత్రకారుల కుంచె ఒకనాడు మఱియొక వస్తువును తీర్చినదనియు, అది గోడకు వ్రేలాడునది గాక మనుష్యుల చేతులలో తిరుగాడునదనియు ఎఱిగినవారు నేడు అరుదు. అది గంజీఫా, అనగా గుండ్రని ముక్కలతో ఆడెడు పూర్వపు పేకాట. దక్కనులో గంజీఫా పేకలు తయారైన ఊళ్ళలో ఆదిలాబాదు సీమలోని నిర్మలయు, గోదావరికి దక్షిణమున నున్న బాల్కొండ, భీమగల్లులును చెప్పుకొనదగినవి. రాజ్యతంత్రము, వర్తకము, ధర్మసందేహము అను మూడింటిని ఒక్క పిడికిట ఇమిడ్చిన ఆ క్రీడను మఱచుటచేత మనము కోల్పోయినది వినోదము మాత్రమే కాదు. లోకవ్యవహారమును ఆలోచించి తెలిసికొను ఒక సాధనమును కూడ కోల్పోయితిమి.

1527లో బాబరు, సింధుదేశపు షా హసను ముచ్చటపడినందున అతనికి గంజీఫాను పంపించినట్లు తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. అక్బరు కొలువులోని అబుల్ ఫజలు తన ఐనీ అక్బరీలో ఈ ఆటను విస్తరించి వర్ణించెను. ఆయన చెప్పిన ప్రాచీనపు పేకలో 12 రంగులు, రంగునకు 12 ముక్కలు, వెరసి 144 ముక్కలు. ఆ రంగుల అధిపతులలో మొదటి మువ్వురు అశ్వపతి, గజపతి, నరపతి. ఈ మూడు బిరుదములు తెలుగువారికి క్రొత్తవి కావు. రాయవాచకమను గ్రంథమున ఢిల్లీ, ఓఢ్ర, విజయనగర సింహాసనములు మూడును ఈ పేళ్ళతోనే నిలిచియున్నవి. 1565లో విజయనగరము కూలిన పిదప వ్రాసిన అబుల్ ఫజలు నరపతికి బిజాపురపు రాజును ఉదాహరణముగా చూపెను. సింహాసనము చేతులు మాఱినను పేకలోని స్థానము మాఱలేదు. గుఱ్ఱములు గలవాడు, ఏనుగులు గలవాడు, కాల్బలము గలవాడు ఒకరినొకరు తూచుకొనుచుండిన దక్షిణాపథ రాజనీతి యంతయు ఈ మూడు రంగులలో ఇమిడియున్నది.

అక్బరు ఆ రంగులను మార్చెను. పిదప దేశమున వ్యాపించిన మొగలాయి పేకలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు: కిరీటము, వెండినాణెము, ఖడ్గము, బానిస, చంగు అను తంత్రీవాద్యము, బంగారునాణెము, బరాతు అను చెల్లింపు పత్రము, సరకు. ప్రతి రంగునకును ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి మొదలు పది వఱకు అంకెలముక్కలు. అబుల్ ఫజలు వర్ణించిన చిత్రములను దగ్గఱగా చూచినచో ఆశ్చర్యము కలుగును. ధనపు రంగులో రాజు వెండిబంగారములను పంచిపెట్టుచుండగా, క్రింది ముక్కలలో రత్నపరీక్షకుడు, లోహమును కరగించువాడు, తూనికవాడు, నాణెము ముద్రించువాడు, మొహరీలు లెక్కించువాడు వరుసగా కనబడుదురు. పత్రముల రంగులో కాగితము చేయువాడు, లెక్కలు వ్రాయు గుమాస్తా, పుటలపై అలంకారములు తీర్చు చిత్రకారుడు, బంగారు గీతలు గీయువాడు, ఫర్మానా లేఖకుడు, పుస్తకము కుట్టువాడు కలరు. పేకను చిత్రించువాడు కూడ ఆ పేకలో ఒక ముక్కయై నిలిచినాడన్నమాట. బానిసల రంగులో కొందఱు కూర్చుండియు, కొందఱు సాష్టాంగపడియు, కొందఱు త్రాగి మత్తిల్లియు, కొందఱు స్వస్థులైయు ఉందురు. ఇట్లు సంపద, ఋణము, సరకు, దాస్యము అన్నియు ఒక్క ఆటగాని చేతిలో ప్రక్కప్రక్కనే చేరును; వానిలో దేనిని ఎప్పుడు విడువవలెనో, దేనిని కాపాడవలెనో నిర్ణయించువాడు అతడే.

ఆట నియమములలో మఱింత లోతు కలదు. సాధారణముగా మువ్వురు ఆటగాండ్రు, ఒక్కొక్కరికి 32 ముక్కలు. పగటివేళ ఆట బంగారునాణెపు రాజు గలవానితోను, రాత్రివేళ వెండినాణెపు రాజు గలవానితోను మొదలగును; సూర్యచంద్రుల వంతులు అట్లు పాటింపబడినవి. కిరీటము, వెండి, ఖడ్గము, బానిస అను నాలుగు రంగులలో రాజు, మంత్రుల తరువాత పది పెద్దది, ఒకటి చిన్నది. చంగు, బంగారము, పత్రము, సరకు అను నాలుగింటిలో ఈ క్రమము తలక్రిందులై, ఒకటి పెద్దది, పది చిన్నది యగును. అధికారమునకును బలమునకును చెందిన రంగులలో సంఖ్య నెగ్గును. వర్తకమునకును సంగీతమునకును చెందిన రంగులలో కొద్దిపాటిది మిక్కుటమును జయించును. వెండి యొక్కటి మాత్రము ధనమయ్యును బలవంతుల పక్షమున చేరినది. పెద్దముక్క వెడలిపోయినంతనే దాని క్రిందిది ప్రభుత్వము వహించును గనుక, ఏ రంగులో ఎవ్వరు పోయిరో, ఎవ్వరు మిగిలిరో జ్ఞప్తియందుంచుకొనుటయే ఈ ఆటకు ప్రాణము.

దశావతార గంజీఫా యనునది దీని దేశీయ రూపము: పది అవతారములకు పది రంగులు, 120 ముక్కలు. పగలు రాముడు, రాత్రి కృష్ణుడు ఆటకు నాయకులు. నరసింహస్వామి వెలసిన ధర్మపురి గల కరీంనగరు సీమలో ఈ రంగుల కథలు ఎవరికిని చెప్పనక్కఱలేదు. అయినను ఆలోచింపుడు: వామనుడు యాచకుడై వచ్చి దాతను పాతాళమునకు పంపెను; నరసింహుడు పగలును రాత్రియు గాని సంధ్యను వెదకి వరమునకు భంగము లేకయే వరగర్వితుని వధించెను; కృష్ణుని ఉపాయములను గూర్చిన వాదము నేటికిని ముగియలేదు. ధర్మమును నిలుపుటకై మాయను ఆశ్రయింపవచ్చునా అను ప్రశ్నను పురాణశ్రవణమున వినుట వేఱు, ఎదుటివానిని మోసపుచ్చుటకై వామనుని ముక్కను చేతిలో దాచుకొని అనుభవించుట వేఱు. ఈ రెండవ పాఠమును ఆట తప్ప మఱేదియు నేర్పజాలదు.

పేక కొనలేని పల్లెవాసికి పులిమేక యాట ఉండనే యున్నది. రచ్చబండపై బొగ్గుతో గీసిన గీతలు, మూడు పులులకు మూడు రాళ్ళు, పదునైదు మేకలకు పదునైదు చింతగింజలు చాలును. పులి దూకి మేకను తినును. మేకకు చంపు శక్తి లేదు, కూడి కట్టడిచేయు శక్తి మాత్రమే కలదు. ఒక ఆటలో పులియైనవాడు మఱుసటి ఆటలో మేక కావలెను. దొరల గడీల నీడన బ్రదికిన సీమలో ఈ పాత్రల మార్పిడి సామాన్యమైన శిక్షణ కాదు.

ఆట ఉన్నచోట పందెమును ఉండును. కౌటిల్యుడు ద్యూతాధ్యక్షుని నియమించి, గెలిచిన ధనమున నూటికి అయిదు వంతులు రాజునకు విధించెను. మహాభారతమున సభాపర్వద్యూతమో, వంశమునే కాల్చినది. నిజాము ప్రభుత్వము 1305 ఫసలీలో జూదనిషేధ శాసనము చేసెను. ఆ శాసనము క్రింద వచ్చిన వ్యాజ్యెముననే 1967లో సర్వోన్నత న్యాయస్థానము, రమ్మీయందు పడిపోవు ముక్కలను గుర్తుంచుకొనవలసి యుండుటచే అది ప్రధానముగా నైపుణ్యక్రీడయని తీర్పు చెప్పెను. తలక్రిందులగు క్రమములతో 96 ముక్కలను మనస్సున మోయవలసిన గంజీఫాకు ఆ వాదము ఇంకను ఎక్కువగా చెల్లును. తప్పు పందెమునది, ఆలోచనది కాదు.

గంజీఫాను చంపినది శాసనము కాదు, ధర. గుడ్డపొరలను చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, నునుపుచేసి, రంగులు తీర్చి, లక్కమెఱుగు నిచ్చు పని దినములు పట్టును. ప్రభువులకు దంతముపై చేసిన దర్బారు కలము అను శైలియు, సామాన్యులకు బజారు కలమును వేఱువేఱుగా నుండెను. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా యంత్రములపై అచ్చైన చౌక పేకలు ఓడలలో దిగినంతనే బజారు కలము నిలువలేకపోయినది. సంస్థానముల వైభవము క్షీణించుటతో దర్బారు కలమును దానిని అనుసరించినది. నిర్మల కళాకారులు 1955లో సహకార సంఘముగా ఏర్పడి బొమ్మలను, చిత్రములను రక్షించుకొనిరి. గంజీఫా మాత్రము వాడుకలోనికి తిరిగి రాలేదు.

నేటి యువకులు గణకయంత్రముపై ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ వంటి వ్యూహక్రీడ లాడుచు, కట్టెలు, ఆహారము, రాయి, బంగారము మార్చుకొనుచు, కొన్నకొలది ధర పెరుగు అంగడిని కనిపెట్టి చూచుచు, మిత్రుని విడిచి రాజ్యమును కాపాడుకొనుట తగునా యని రాత్రులు వాదించుకొనుచున్నారు. పెద్దలు దానిని కాలయాపనమనుట న్యాయము కాదు. ఆ ప్రశ్నలు మన నేలపై నాలుగువందల యేండ్లుగా ఉన్నవే. వలసినది నింద గాదు, సంధానము. నిర్మల నకాశీలు దశావతార పేకను మరల చిత్రింపవలెను. దానితోపాటు ఆట నియమములు సులభమైన తెలుగులో అచ్చు కావలెను. కరీంనగరు, ఆదిలాబాదు పాఠశాలలలో పిల్లలు దానిని పందెము లేక ఆడవలెను. నియమములు తెలియని పేక కేవలము బొమ్మల కట్ట. ఆడువారు ఉన్ననాడే అది విద్య.