పురుగుకు మనిషి పేరు, మనిషికి పురుగు పేరు



వేసవి సెలవులకు వచ్చిన మా మనవడు జపానువారి రాక్షస చిత్రాలను ఒకదాని వెంట ఒకటి చూస్తూ నన్నూ పక్కన కూర్చోబెట్టుకొన్నాడు. వాటిలో నా మనసు పట్టుకొన్నది అందరూ ఎరిగిన గాడ్జిల్లా కాదు, కుమోంగా అనే పెను సాలెపురుగు. దాని పుట్టుపూర్వోత్తరాలు వెదుకుతూ పోగా ఆ దారి జపానులో ఆగలేదు. మా ఓరుగల్లు మీదుగా శ్రీకాళహస్తి దాకా, అక్కడినుంచి నంద్యాల అడవుల దాకా సాగింది. నలభై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి కనుక సినిమా చూసినా నా కన్ను మాట మీదనే పడుతుంది. ఈ టపా కూడా నిజానికి ఒక మాట గురించే.

ముందు సినిమా సంగతి. గాడ్జిల్లా మొదటి చిత్రం 1954 నవంబరులో వచ్చింది. ఆ ఏడాది మార్చిలోనే అమెరికా పసిఫిక్ సముద్రంలో జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ఒక జపాను చేపల పడవ మీద కురిసి, అందులోని జాలరులు జబ్బుపడ్డారు. హిరోషిమా, నాగసాకి గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్న రోజులవి. ఆ భయానికి రూపు కట్టినదే గాడ్జిల్లా. అదే తోహో సంస్థ 1967 డిసెంబరు 16న, జున్ ఫుకుదా దర్శకత్వంలో, గాడ్జిల్లా కొడుకు కథగా ఒక చిత్రం విడుదల చేసింది. కుమోంగా మొదట కనిపించేది అందులోనే. 'కుమో' అంటే జపాను భాషలో సాలెపురుగు. దాని లోపల మనిషి దూరి నటించలేదు. మన కొయ్యబొమ్మలాటలో లాగా, పైనుంచి తీగలు లాగుతూ ఎందరో మనుషులు కలిసి దాని ఎనిమిది కాళ్ళనూ ఆడించారు. కాళ్ళు ఒక్కొక్కటే తడుముకొంటూ కదిలే ఆ తీరులో నిజం సాలెపురుగు నడక ఉన్నది. మా మనవడు కాళ్ళు పైకి ముడుచుకొని కూర్చున్నాడు.

ఆ కథలో గమనింపదగిన విషయం ఒకటున్నది. శాస్త్రజ్ఞులు ఒక దీవికి వెళ్ళి వాతావరణాన్ని మార్చే ప్రయోగం చేస్తారు. అది వికటించి, రేడియోధార్మికత వలన అక్కడి గొల్లభామల జాతి పురుగులు కొండలంత పెరుగుతాయి. కుమోంగా మాత్రం ఆ ప్రయోగం వలన పుట్టలేదు. అది అంతకు ముందునుంచే ఆ దీవిలో, ఒక లోయలో, మట్టి కింద నిద్రిస్తున్నది. మనుషులు వచ్చి అలజడి చేసిన తరువాతనే మట్టిని చీల్చుకొని లేస్తుంది. అంటే ఆ నేల దానిది. వచ్చినవారు పరాయివారు. చివరకు గాడ్జిల్లా, దాని కొడుకు కలిసి నోటి మంటలతో దానిని కాల్చివేస్తాయి.

మట్టిలోంచి లేచే ఈ సాలెపురుగు తోహోవారు కొత్తగా కల్పించినది కాదని నా ఊహ. జపానువారికి 'త్సుచిగుమో' అనే పాత మాట ఒకటున్నది. త్సుచి అంటే మట్టి, కుమో అంటే సాలెపురుగు. వెరసి మంటి సాలెపురుగు. ఆ మాట మొదట పురుగును చెప్పలేదు, మనుషులను చెప్పింది! క్రీ.శ. 720లో పూర్తయిన 'నిహోన్ షోకి' వారి ప్రాచీన చరిత్ర గ్రంథం. యమాతో రాజులకు లొంగని స్థానిక తెగలను అందులో త్సుచిగుమో అన్నారు. జిమ్ము చక్రవర్తి దండయాత్ర వర్ణించే ఘట్టంలో ఒక ఊరి త్సుచిగుమోలను గురించి వారు పొట్టి మొండెం, పొడుగాటి కాళ్ళూ చేతులూ కలవారని చెప్పి, రాజు సేన తీగలతో వల అల్లి వారిని పట్టి చంపిందని రాశారు. సాలెపురుగు అని పేరు పెట్టినది ఎదుటివారికి, వల అల్లినది తాము. ఆ రాతగాళ్ళకు ఇందులోని ఎగతాళి తట్టినట్టు లేదు.

కాలం గడిచేకొద్దీ ఆ మనుషులు మరుగున పడి పేరు మాత్రం నిలిచింది. పేరున్నాక దానికి తగిన ఒళ్ళు రాకుండా ఉంటుందా? మధ్యయుగాల నాటికి త్సుచిగుమో నిజమైన భూతమై కూర్చుంది. జ్వరంతో మంచంపట్టిన మినమోతో యోరిమిత్సు అనే వీరుని దగ్గరకు రాత్రివేళ ఒక పొడవాటి సన్యాసి వచ్చి తాళ్ళతో కట్టబోతాడు. వీరుడు కత్తి దూస్తాడు. నెత్తుటి జాడ వెంట వెళ్ళి ఒక దిబ్బ తవ్వితే అందులో నాలుగడుగుల సాలెపురుగు దొరుకుతుంది. ఆనాటినుంచి ఆ కత్తికి 'సాలెపురుగును నరికినది' అని పేరు వచ్చింది. 14వ శతాబ్ది నాటి ఒక చిత్రపటం ఈ వీరుని, సాలెపురుగు కథను మరొక తీరుగా బొమ్మలలో చూపుతుంది. 'నో' నాటకంలో ఈ ఘట్టం వచ్చినప్పుడు భూతం వేషగాడు సన్నని తెల్లకాగితపు పోగులను గుప్పెళ్ళతో విసరుతాడు. రంగస్థలమంతా సాలెగూడై పోతుంది. వల విసిరే కుమోంగా ఆ వేషగాడికి దూరపు మనవడే అనిపిస్తుంది నాకు.

ఈ క్రమాన్ని ఒక్కసారి వరుసగా చూడండి. మొదట లొంగని మనిషి. తరువాత నాలుగడుగుల పురుగు. ఆపైన వెండితెర నిండిన పురుగు. ఓడినవాని పేరు నోట పడి తిరుగుతున్నకొద్దీ వాని మనిషితనం తరిగి, ఆకారం పెరిగింది. కుమోంగాను చూసి కాళ్ళు ముడుచుకొనే పిల్లవానికి ఆ పేరు వెనుక ఒకప్పుడు ఇళ్ళూ పిల్లలూ ఉన్న మనుషులున్నారని తెలియదు కదా!

మరి మన భాష ఏమి చేసింది? మనం పురుగు పేరును మనిషికి పెట్టలేదు. మనిషి పేరునే పురుగుకు పెట్టినాము. సాలె అంటే నేతపని చేసేవాడు. నేసే పురుగు సాలెపురుగు, దాని నేత సాలెగూడు. సంస్కృతంలోనూ ఇంతే. అమరకోశం చిన్ననాడు వల్లెవేసినవారికి గుర్తుండే ఉంటుంది. 'తంతువాయ' శబ్దం సింహాది వర్గంలో సాలెపురుగు పర్యాయాలలో ఒకటి. అదే శబ్దం శూద్రవర్గంలో నేతగానికి పేరు. అల్లేవాడు అని అర్థం. అడవిలోని పురుగును చూసి మన పూర్వులకు మొదట స్ఫురించినది దాని విషం కాదు, దాని పనితనం.

అయితే మనం మరీ గర్వపడవలసిన పని లేదు. మంచి మాట కూడా చెడ్డ నోట పడితే రాయి అవుతుంది. నేను పనిచేసిన ఒక బడిలో, మగ్గం మీద బతికే ఇంటినుంచి వచ్చిన పిల్లవాణ్ణి తోటివారు "సాలెపురుగు" అని గేలి చేసేవారు. వాడు తల వంచుకొని వెనుక బెంచీలో కూర్చునేవాడు. ఒకరోజు పాఠం ఆపి, నల్లబల్ల మీద తంతువాయ శబ్దం రాసి రెండర్థాలూ చెప్పాను. "పురుగు వీడిలా లేదురా, పురుగే వీడి కులవిద్య నేర్చుకొని వీడి పేరు పెట్టుకొంది" అన్నాను. పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు. గేలి ఆ ఒక్కరోజుతో ఆగిపోలేదు గానీ, ఆ తరువాత ఎవరైనా ఆ మాట అంటే వాడు తల ఎత్తి, "అవును, తంతువాయుణ్ణి" అనేవాడు. మాటకు చరిత్ర తెలిసి ఉండడం వలన కలిగే లాభం ఇంతకన్న ఏముంటుంది?

ఆ రోజు నేను వారికి మార్కో పోలో మాట కూడా చెప్పాను. 1290ల తొలి ఏండ్లలో చైనానుంచి సముద్రమార్గాన తిరిగి వెళుతూ ఆ వెనీసు వర్తకుడు మన తీరాన్ని గూర్చి రాశాడు. అతడు 'ముత్ఫిలి' అన్నది నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి. 1244లో గణపతిదేవుడు ఓడ వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అది. అక్కడి రాజ్యాన్ని ధర్మంగా ఏలిన ఒక రాణిని గూర్చి పోలో గౌరవంతో రాశాడు. ఆమెను రాజుగారి వితంతువు అన్నాడు గానీ, మనకు తెలిసిన రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె. ఆ రాజ్యపు నేతబట్టల గురించి చెబుతూ, అవి సాలెగూడు పోగులవలె ఉంటాయనీ, ఏ రాజైనా రాణి అయినా ధరించడానికి ముచ్చటపడతారనీ మెచ్చుకొన్నాడు. మా ఓరుగల్లు రాజధానిగా ఉన్న రాజ్యపు నేతగాడికి, ఏడు వందల ఏండ్ల క్రిందట, పరదేశి ఇచ్చిన కితాబు సాలెపురుగే! ఆ నేత పరంపర అంతరించిపోలేదు. కొత్తవాడ మగ్గాల మీద నేసే వరంగల్లు దుర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇక సాలెపురుగుకు మనం ఇచ్చిన పెద్దపీట శ్రీకాళహస్తిలో ఉన్నది. ఆ క్షేత్రం పేరులో శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. రాయలవారి కాలపు కవిగా ప్రసిద్ధుడైన ధూర్జటి తన శ్రీకాళహస్తి మాహాత్మ్యములో ఈ కథను విస్తరించి చెప్పాడు. సాలెపురుగు శివలింగానికి తన నూలుతోనే గుడీ గోపురాలూ కట్టి కొలుస్తుంది. శివుడు దాని భక్తిని పరీక్షింపదలచి, దీపపు మంటతో ఆ కట్టడాన్ని కాల్చివేస్తాడు. పురుగు పారిపోదు. తన స్వామి గుడిని కాల్చిన ఆ మంటనే మింగుతానని దాని మీదికి దూకబోతుంది. అప్పుడు శివుడు ప్రత్యక్షమై దానికి సాయుజ్యం ఇస్తాడు. తమిళదేశంలో తిరువానైక్కావల్ స్థలపురాణంలో కూడా ఒక సాలెపురుగున్నది. ఏనుగుతో పోరాడి చనిపోయి, మరుజన్మలో కోచ్చెంగణాన్ అనే చోళరాజై, ఏనుగులు చొరలేని గుడులు కట్టించిందట.

రెండు కథలలోనూ మంట ఉన్నదని మీరు గమనించే ఉంటారు. గాడ్జిల్లా మంట ముందు కుమోంగా నిలిచినట్టే, శివుని దీపం ముందు మన పురుగు నిలిచింది. తన చోటును కాపాడుకోవాలనే తపన రెండింటిదీ ఒకటే. అక్కడ కాల్చినవాడు గెలిచాడు, కథ ముగిసింది. ఇక్కడ కాల్చినవాడే దిగివచ్చి పురుగు పేరును తన ఊరి పేరుకు ముందుంచుకొన్నాడు. ఇందులో జాతుల గొప్పదనం, తక్కువతనం ఏమీ లేదు. మన పురాణాలలోని రాక్షసుల వెనుక ఎవరెవరు మనుషులున్నారో వెదికితే మనకూ సిగ్గుపడవలసిన పుటలు దొరకవచ్చు. నేననేది ఒక్కటే. ఎదుటి ప్రాణిని ఏ పేరుతో పిలుస్తామన్నదానిని బట్టి, మంట దగ్గర దానికి ఏమవుతుందో నిర్ణయమవుతుంది.

కథలలోని పురుగులను వదలి నిజం పురుగు దగ్గరకు వద్దాం. తెలుగునేలలో బతికే పెద్ద సాలెపురుగు ఒకటున్నది. కాళ్ళు చాపితే అరచేతికి మించే ఆ పురుగు ఒళ్ళంతా నెమలికంఠం నీలం. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని తొలిసారి వర్ణించాడు. ఆ నమూనా దొరికినది అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో. దుంగలతో పాటు ఎక్కడి అడవినుంచో రైలెక్కి వచ్చి ఉంటుందని పండితుల ఊహ. తరువాత నూరేళ్ళు అది ఎవరి కంటా పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో చెట్ల తొర్రలలో మళ్ళీ కనిపించింది. అది బతికే చోటు నూరు చదరపు కిలోమీటర్లకు మించదని, అక్కడ చెట్లను కట్టెలకు కొట్టివేస్తున్నారని గుర్తించి, 2008లో దానిని అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. దాని అందానికి మోజుపడి విదేశాలలో పెంచుకొనేవారు, కొనేవారు, అమ్మేవారు ఎక్కువ. 2019లో దాని జాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార నియంత్రణ ఒప్పందంలోకి తెచ్చారు. అక్కడి సంతలో దానిని గుత్తి నీలమణి అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. మన ఊరి పేరుతో ప్రపంచం ఎరిగిన పురుగును మనలో ఎందరు ఎరుగుదురు?

మట్టిలో నిద్రించే కుమోంగా లాగానే ఇదీ తన తొర్రలో తాను ఉన్నది. అలజడి చేస్తున్నది మనం. కాకుంటే ఇది లేచి మన మీదికి రాదు, చెట్టుతో పాటు చప్పుడు లేకుండా పోతుంది. గాడ్జిల్లా అక్కరలేదు, గొడ్డలి చాలు.

ఇంతకూ మనకు దానికొక తెలుగుపేరు కావాలి. శాస్త్రనామమూ సంతపేరూ కాక, మన నోట పలికే పేరు. నేతవారి నీలి పట్టును తలపిస్తున్నది కనుక 'నీలిసాలె' అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. నంద్యాల, గిద్దలూరు వైపు మిత్రులెవరైనా అక్కడి పెద్దలు దానిని ఏమంటారో తెలుసుకొని రాస్తే, నా పేరు పక్కన పెట్టి వారి పేరే వాడుకొందాం. మీ మీ ఊళ్ళలో సాలెపురుగుకున్న ఇతర పేర్లు కూడా రాయగోరుతాను.

సెలవు.