పుట్టిన ఊరి పొలాల్లో కూలిన పైలట్

1948 జనవరి 7. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మధ్యాహ్నంవేళ జనం తలలెత్తి చూశారు. ఆకాశంలో తెల్లగా, గుండ్రంగా ఏదో ఉంది. పోలీసులకు ఫోన్లు వెళ్లాయి, వాళ్ల నుంచి గాడ్‌మన్ సైనిక విమానాశ్రయానికి కబురు చేరింది. టవర్‌లో సిబ్బంది బైనాక్యులర్లు పెట్టి చూశారు. కమాండర్ వచ్చి చూశాడు. అదేమిటో ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఆ సమయానికే జార్జియా నుంచి లూయివిల్‌కు వెళ్తున్న నాలుగు మస్టాంగ్ యుద్ధవిమానాలు అటుగా వచ్చాయి. వాటి నాయకుడు కెప్టెన్ థామస్ మాంటెల్. వయసు 25. రెండో ప్రపంచయుద్ధంలో నార్మండీ దాడిలో విమానం నడిపి పతకం అందుకున్నవాడు. కాస్త చూసి రమ్మని టవర్ అడిగింది. ఇంధనం చాలక ఒక విమానం ఇంటిదారి పట్టింది. మిగిలిన మూడూ పైకి లేచాయి.

తక్కువ ఎత్తులో సాగాల్సిన ప్రయాణం కావడంతో మాంటెల్ దగ్గర ఆక్సిజన్ లేదు. 14 వేల అడుగులు దాటితే ఆక్సిజన్ తప్పనిసరన్నది నిబంధన. 22 వేల అడుగుల దగ్గర తోటి పైలట్లిద్దరూ వెనుదిరిగారు. మాంటెల్ తిరగలేదు. ఆ ఎత్తులో గాలి పలచబడి మనిషికి తెలియకుండానే మత్తు కమ్ముతుంది, చేతులు పట్టు తప్పుతాయి. అదుపు తప్పిన మస్టాంగ్ గాలిలోనే ముక్కలై ఫ్రాంక్లిన్ అనే చిన్న ఊరి దగ్గర పొలంలో పడింది. అతని చేతిగడియారం 3.18 దగ్గర ఆగిపోయింది. ఆ ఫ్రాంక్లిన్‌లోనే అతను పుట్టాడు.

అతను వెంటాడింది శుక్రగ్రహాన్నని వైమానిక దళం మొదట చెప్పింది. పట్టపగలు శుక్రుడు కంటికి ఆనడమే కష్టం, ఆ మాట ఎవరు నమ్ముతారు? గ్రహాంతరవాసులే కూల్చేశారన్న పుకారు దేశమంతా పాకింది. 1952లో, ఆకాశంలో కనిపించే ఇలాంటి వింతలను ఆరా తీసే వైమానిక దళ బ్లూబుక్ ప్రాజెక్టు అధిపతి ఎడ్వర్డ్ రపెల్ట్ పాత కాగితాలు తిరగేస్తే ఆధారాలన్నీ ఒకే వైపు చూపించాయి: స్కైహుక్. అమెరికా నౌకాదళం పరిశోధనలకు ఎగరేసిన పాలిథీన్ బెలూన్ అది. వంద అడుగుల వెడల్పు ఉంటుంది, లక్ష అడుగుల ఎత్తుకు పోగలదు. ఏ మస్టాంగూ దాన్ని అందుకోలేదు. నౌకాదళం ఆ పథకాన్ని రహస్యంగా ఉంచింది, గాడ్‌మన్ టవర్‌లో ఉన్నవాళ్లకు అలాంటి బెలూన్ ఉందనే తెలియదు.

అలాంటి బెలూన్లు మన హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) కేంద్రం నుంచీ ఎగురుతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో వింత గోళం లాంటిది దిగితే ఊళ్లకు ఊళ్లు చూడటానికి ఎగబడ్డాయి. ఆ కేంద్రం నుంచి వెళ్లిన బెలూన్ మోసుకెళ్లిన క్యాప్సూల్ అని తెలిశాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎగరేసే ముందు టీఐఎఫ్ఆర్ పత్రికల్లో ప్రకటన ఇస్తుంది: పరికరాలు కనిపిస్తే ముట్టుకోవద్దు, మాకు ఫోన్ చేయండి అని.

ఆక్సిజన్ లేకుండా పైకి వెళ్లిన తప్పు మాంటెల్‌దే, కాదనలేం. కానీ ఆ తప్పుకు అతన్ని పురిగొల్పింది పక్క విభాగం దాచుకున్న రహస్యం. ఆ రోజు నౌకాదళం నుంచి వైమానిక దళానికి ఒక్క కబురు అంది ఉంటే, ఆ పాతికేళ్ల పైలట్ సాయంత్రానికి లూయివిల్‌లో క్షేమంగా దిగేవాడు.